జపాన్ సూపర్ ఫామికామ్ కార్ట్రిడ్జ్‌లు: తెప్పించుకోవడం, బ్యాటరీ మార్చడం, ఇక్కడ ఆడుకోవడం ఎలా

నింటెండో వారి గేమ్ కన్సోల్ సూపర్ ఫామికామ్ 1990 నవంబర్ 21న జపాన్‌లో విడుదలైంది. దాని కోసం వచ్చిన ఆటల్లో చాలా భాగం ఆ దేశం దాటలేదు. ఆ కార్ట్రిడ్జ్‌లలో ఆట నిక్షిప్తమైన చిప్ చాలావరకు ఈనాటికీ చెక్కుచెదరలేదు. చెడేది సేవ్‌ను కాపాడే బ్యాటరీ. కాలేది, జపాన్ అడాప్టర్‌ను నేరుగా మన ప్లగ్గులో పెట్టిన కన్సోల్. అందుకే ఆట మొదలుపెట్టే ముందే కరెంటు, బ్యాటరీ పనులు ముగించండి. నలభై గంటలు ఆడాక సేవ్ చెరిగిపోతే ఎవరూ వెనక్కి తేలేరు.

ఏ ఆట కొనాలి

జపనీస్ రాకపోయినా ఆడగలిగేవి కొన్ని, చదవలేకపోతే ఒక్క అడుగు కూడా ముందుకు పడనివి కొన్ని. ప్యానెల్ డె పోన్ (1995), సూపర్ పుయో పుయో (1993) లాంటి పజిల్ ఆటలకు భాషతో పని లేదు. మొదటి కార్ట్రిడ్జ్‌గా ఇవే మంచివి. బహమూత్ లగూన్ (1996), డ్రాగన్ క్వెస్ట్ 5 (1992) లాంటి ఆర్‌పీజీలను (పాత్రను పెంచుకుంటూ సాగే కథల ఆటలను) మెనూ మాటలు నేర్చుకుని, పక్కన గైడ్ పెట్టుకుని ఆడవచ్చు. ఒతోగిరిసో (1992), కమాయితాచి నో యోరు (1994) మాత్రం తెర నిండా కథ నడిచే ఆటలు. కంజి (జపనీస్‌లో వాడే చైనా అక్షరాలు) చదవలేనివారు వీటి జోలికి వెళ్లకపోవడమే మేలు.

కొనే ముందు ఆ ఆట తర్వాతి కాలంలో ఇంగ్లీషులో అధికారికంగా వచ్చిందేమో చూడండి. 1994 నాటి లైవ్ ఎ లైవ్ 2022లో నింటెండో స్విచ్ కన్సోల్‌కు కొత్త రూపంలో వచ్చింది. 1995 నాటి సెయికెన్ దెన్సెత్సు 3 మొదటి రూపం కూడా 2019లో ఇంగ్లీషులో విడుదలైంది. కథ కోసమే అయితే వాటిని కొనుక్కోవడం తేలిక. అసలు కార్ట్రిడ్జ్ మీద మక్కువ ఉంటేనే మిగతాది చదవండి.

కొనడం

జపాన్‌లో పాత ఆటలు యాహూ ఆక్షన్స్, మెర్కారి, సురుగాయ, బుక్ ఆఫ్, హార్డ్ ఆఫ్‌లలో ఎక్కువగా దొరుకుతాయి. మందరాకె విదేశాలకు నేరుగా పంపుతుంది. మిగతావాటికి సాధారణంగా బయ్యీ, జెన్‌మార్కెట్ లాంటి ప్రాక్సీ సర్వీసు కావాలి. వాళ్లు మీ తరఫున కొని, తమ గోడౌన్‌లో ఉంచి, అన్నీ కలిపి ఒకే పెట్టెలో పంపుతారు. సాదా ఆటలు కొన్ని వందల యెన్‌లకే వస్తాయి, తపాలా ఖర్చు అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. కాబట్టి ఒక్కటి తెప్పించుకోవద్దు, ఐదారు పోగయ్యాక పంపించమనండి. కస్టమ్స్ సుంకాన్ని వస్తువు ధర మీదే కాదు, రవాణా ఖర్చు కూడా కలిపి లెక్కిస్తారు. కొరియర్‌వాళ్లు గుర్తింపు పత్రం అడుగుతారు, అది పంపకపోతే పార్సెల్ అక్కడే ఆగిపోతుంది.

ప్రకటనలో ఉండే ఈ మాటలను అనువాద యాప్‌తో పోల్చి గుర్తుపట్టండి. "దోసా కకునిన్‌జుమి" అంటే పనిచేస్తుందని చూశారు. "మికకునిన్" అంటే పరీక్షించలేదు. "జంకు" అంటే పనిచేయకపోయినా వెనక్కి తీసుకోరు. "దెంచి కోకన్‌జుమి" అంటే బ్యాటరీ మార్చారు. "సోఫుతో నోమి" అంటే కార్ట్రిడ్జ్ ఒక్కటే, "హకొసెత్సు త్సుకి" అంటే పెట్టె, పుస్తకం కూడా ఉన్నాయి. పనిచేస్తుందని రాసినా, తెర వెలిగిందని మాత్రమే దాని అర్థం. సేవ్ నిలుస్తుందని వేరుగా రాయకపోతే నిలవదనే అనుకోండి. జంకు అని రాసిన వాటిలో చాలా వరకు మురికి పట్టినవే. కింది పద్ధతిలో తుడిస్తే పనిచేస్తాయి. అయితే పిన్నులు కనబడే ఫొటో లేని జంకు కొనకండి.

నకిలీలు సూపర్ ఫామికామ్ కంటే నింటెండో చేతి కన్సోల్ గేమ్‌బాయ్ అడ్వాన్స్‌లో ఎక్కువ. మదర్ 3 (2006) జపాన్‌లోనే అమ్మారు కాబట్టి దాని నకిలీలు కోకొల్లలు. అసలు అడ్వాన్స్ కార్ట్రిడ్జ్ లేబుల్‌ను వెలుగుకు ఏటవాలుగా పట్టుకుంటే కాగితంలోకి నొక్కిన చిన్న అంకెల ముద్ర కనిపిస్తుంది. అది సిరాతో అచ్చువేసింది కాదు, వేలితో తడిమితే గుంటగా తెలుస్తుంది. కింద బంగారు పిన్నులకు పైన బోర్డు మీద నింటెండో అని ఉంటుంది. సూపర్ ఫామికామ్ విషయంలో తెరిచి చూస్తేనే ఖాయం. అసలు బోర్డు మీద నింటెండో పేరు, సంవత్సరం, ఎస్‌హెచ్‌వీసీతో మొదలయ్యే నంబర్ ఉంటాయి, చిప్‌లన్నీ కాళ్లున్నవే. నల్లటి జిగురు ముద్దలా చిప్ కనిపిస్తే అది నకిలీ.

కన్సోల్, కరెంటు

జపాన్‌లో ఇంటి కరెంటు 100 వోల్టులు, మన దగ్గర 230. సూపర్ ఫామికామ్ వాడే హెచ్‌వీసీ-002 అడాప్టర్‌ను పిన్ను మార్చే సాకెట్ తగిలించి గోడలో గుచ్చితే, లోపలి ట్రాన్స్‌ఫార్మర్ రెట్టింపు కంటే ఎక్కువ వోల్టేజీ ఇచ్చి, వేడెక్కి కాలిపోతుంది. పిన్ను మార్చే సాకెట్ వోల్టేజీని తగ్గించదు. ఈ తేడా తెలియకే ఎక్కువ కన్సోల్‌లు పోతాయి.

రెండు దారులున్నాయి. మొదటిది 230 నుంచి 100కు దించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్. 100 వీఏది బోలెడు సరిపోతుంది. అమెరికా సామాన్ల కోసం అమ్మే 110 వోల్టులది కాకుండా 100 అని అడగండి. రెండోది అసలు అడాప్టర్‌ను పక్కన పెట్టి ఇక్కడి డీసీ అడాప్టర్ వాడటం. నేను సిఫారసు చేసేది ఇదే, చవకా తేలికా. దాని లెక్క ఇలా ఉండాలి: 9 వోల్టులు, కనీసం 1 ఆంపియర్, రెగ్యులేటెడ్, పిన్ను బయటి కొలత 5.5 మి.మీ., లోపలి కొలత 2.1 మి.మీ., మధ్యలో మైనస్. అసలు అడాప్టర్ మీద 10 వోల్టులు, 850 మిల్లీ ఆంపియర్లు అని ఉంటుంది. కన్సోల్ లోపలి రెగ్యులేటర్ దాన్ని ఎలాగూ 5 వోల్టులకు దించుతుంది కాబట్టి 9 వోల్టులతో అది తక్కువ వేడెక్కుతుంది.

మధ్యలో మైనస్ అన్నదే అసలు చిక్కు. ఇంట్లో ఉండే వైఫై రౌటర్, సీసీ కెమెరా అడాప్టర్లలో మధ్యలో ప్లస్ ఉంటుంది, చాలావాటికి 12 వోల్టులు. పిన్ను మాత్రం చక్కగా పడుతుంది! అలా పెడితే లోపలి ఫ్యూజు పోతుంది, అక్కడితో ఆగితే అదృష్టం. గిటార్ పెడల్స్‌కు వాడే అడాప్టర్లు సాధారణంగా 9 వోల్టులు, మధ్యలో మైనస్, కానీ చాలావాటికి ఆంపియర్లు చాలవు. లేబుల్ చూసి 1 ఆంపియర్ ఉంటేనే తీసుకోండి. హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీ, చెన్నైలో రిచీ స్ట్రీట్ లాంటి చోట్ల పిన్ను వైర్లు తిప్పి అతికి ఇమ్మన్నా ఇస్తారు. ఎవరు చేసినా కన్సోల్‌కు పెట్టే ముందు మల్టీమీటర్ ఎర్ర ప్రోబ్ పిన్ను లోపలికి, నల్లది బయటి గొట్టానికి ఆనించండి. మైనస్ 9 చూపితే సరైనది.

అమెరికాలో ఉండేవారి దగ్గర అక్కడి సూపర్ నింటెండో ఉంటే కొత్త కన్సోల్ అవసరం లేదు. అమెరికా, జపాన్ యంత్రాల్లో లాక్ చిప్ (వేరే ప్రాంతపు ఆటలను ఆపే చిప్) ఒకటే. అడ్డుపడేవి స్లాట్ లోపల ఉన్న రెండు ప్లాస్టిక్ పళ్లు మాత్రమే. వాటిని సన్న ముక్కు కటింగ్ ప్లయర్‌తో కొద్దికొద్దిగా తుంచేయవచ్చు. బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో సంగతి దీనికి తలకిందులు: కార్ట్రిడ్జ్ స్లాట్‌లో దిగుతుంది కానీ లాక్ చిప్ వేరు కావడంతో ఆట మొదలుకాదు.

టీవీ

సూపర్ ఫామికామ్ ఇచ్చేది 60 హెర్ట్జ్ ఎన్‌టీఎస్‌సీ (జపాన్, అమెరికా టీవీ పద్ధతి) సంకేతం. మన ఎల్‌ఈడీ టీవీలు చాలావరకు దాన్ని తీసుకుంటాయి. ఏవీ ఇన్‌పుట్ ఎంచుకుని, పిక్చర్ మెనూలో కలర్ సిస్టమ్‌ను ఆటోలో గానీ ఎన్‌టీఎస్‌సీలో గానీ పెట్టండి. బొమ్మ నలుపు తెలుపుగా వచ్చినా, నిలువుగా దొర్లినా టీవీ పాల్ (PAL, మన దేశపు టీవీ పద్ధతి) మాత్రమే తీసుకుంటోందని అర్థం. కన్సోల్ పాడవలేదు.

వెనకున్న మల్టీ అవుట్ సాకెట్‌లో నింటెండో 64, గేమ్‌క్యూబ్ ఏవీ కేబుల్ కూడా పడుతుంది. టీవీకి హెచ్‌డీఎంఐ మాత్రమే ఉంటే కన్వర్టర్ కావాలి. చవక డబ్బాలతో బటన్ నొక్కడానికీ బొమ్మ కదలడానికీ మధ్య తేడా వస్తుంది. ఆర్‌పీజీకి పరవాలేదు, పుయో పుయోకి పనికిరాదు. ఆర్‌జీబీ కేబుల్ (రంగులను విడివిడిగా పంపేది) కొంటే ఒక జాగ్రత్త. జపాన్ 21 పిన్నుల ప్లగ్, యూరప్ స్కార్ట్ ప్లగ్ చూడటానికి అచ్చంగా ఒకటే, వైరింగ్ వేరు. కలిపి వాడకండి.

శుభ్రం చేయడం

99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, ఇయర్ బడ్స్ చాలు. శానిటైజర్ వద్దు, అందులోని గ్లిజరిన్ పిన్నుల మీద జిడ్డులా మిగులుతుంది. నోటితో ఊదొద్దు, ఉమ్మి తడికి రాగి నల్లబడుతుంది. ఉప్పు కాగితం అసలే వద్దు, పిన్నుల మీది పూత ఒక్కసారికే లేచిపోతుంది.

బడ్‌ను తడిపి, పిన్ను పొడవు వెంట పైకీ కిందికీ రుద్దండి, రెండు వైపులా. బడ్ నల్లగా వస్తుంది. తెల్లగా వచ్చేదాకా కొత్తవి మార్చండి. ఐదు నిమిషాలు ఆరనిచ్చాక కన్సోల్‌లో పెట్టండి. చివర్లలోని పిన్నులను మరిచిపోవద్దు. సాదా కార్ట్రిడ్జ్‌కు మధ్య భాగంలో 46 పిన్నులుంటాయి. సూపర్ మారియో ఆర్‌పీజీ, స్టార్ ఫాక్స్ లాంటి అదనపు చిప్ ఉన్న ఆటల్లో రెండు చివర్లలో కలిపి మరో 16 ఉంటాయి. మధ్యవి మెరుస్తున్నా ఆ చివరివి మురికిగా ఉంటే ఆట మొదలుకాదు. అన్ని ఆటలూ ఆడి అలాంటిదొక్కటే మొండికేస్తే కన్సోల్ స్లాట్ చివర్లు కూడా తుడవాలి.

సేవ్ బ్యాటరీ మార్చడం

సేవ్ ఉండేది ఎస్‌ర్యామ్ చిప్‌లో. దానికి ఎప్పుడూ కొంచెం కరెంటు అందుతూ ఉండాలి. కన్సోల్ ఆపాక ఆ పని బటన్ సెల్ చేస్తుంది. ఎస్‌ర్యామ్‌కు కనీసం 2 వోల్టులు కావాలి. సెల్ అంతకంటే పడిపోయిన రోజు సేవ్ పోతుంది, ముందుగా ఏ హెచ్చరికా ఉండదు. 1990లలో పెట్టిన సెల్ ఇంకా పనిచేస్తుంటే సంతోషించండి, కానీ నమ్మకండి.

కావలసినవి: 3.8 మి.మీ. గేమ్‌బిట్ స్క్రూడ్రైవర్, ట్యాబ్‌లు ముందే అతికిన సీఆర్2032 సెల్, వేడి సరిచేసుకోగల సోల్డరింగ్ ఐరన్, 60/40 సీసం (అతకడానికి వాడే సోల్డర్ తీగ), ఫ్లక్స్ (సీసం బాగా అంటుకునేలా చేసే పేస్టు), సీసాన్ని పీల్చే రాగి అల్లిక, మల్టీమీటర్. రీచార్జ్ అయ్యే ఎల్‌ఐఆర్2032 పెట్టవద్దు, కార్ట్రిడ్జ్‌లో దాన్ని చార్జ్ చేసే ఏర్పాటు లేదు. ట్యాబ్ లేని మామూలు సెల్ కొని దానికే నేరుగా సోల్డర్ చేయడం ప్రమాదం. వేడికి సెల్ పగిలిపోవచ్చు. ఫామికామ్ (సూపర్ ఫామికామ్‌కు ముందుతరం కన్సోల్), గేమ్‌బాయ్ కార్ట్రిడ్జ్ అయితే పాత సెల్ మీద రాసి ఉన్న నంబర్ చూసి అదే కొనండి, సైజులు మారుతుంటాయి.

ముందుగా ఒక నిర్ణయం తీసుకోవాలి. సెల్ తీయగానే పాత సేవ్ పోతుంది. జపాన్‌లో ఎవరో పిల్లవాడు పేరు పెట్టుకుని ఆడిన సేవ్ అందులో ఉండవచ్చు. దాన్ని దాచాలనుకుంటే కార్ట్రిడ్జ్ డంపర్‌తో (కార్ట్రిడ్జ్‌లోని డేటాను చదివే పరికరంతో) కంప్యూటర్‌లోకి తీసుకుని, సెల్ మార్చాక తిరిగి రాయండి. చాలా ఆటల్లో అది 8 కిలోబైట్లే. కన్సోల్ ఆన్‌లో ఉంచి సెల్ మార్చే పద్ధతి కొందరు చెబుతారు. ఐరన్ మొన ఒక్కసారి జారి షార్ట్ అయితే సేవ్‌తో పాటు బోర్డూ పోతుంది. ఆ పని చేయకండి.

1. ముందు వైపు కింద ఉన్న రెండు స్క్రూలు తీయండి. కింది అంచు దగ్గర రెండు సగాలను విడదీసి తలుపులా పైకి తెరవండి, పై అంచున కొక్కేలుంటాయి. లాగితే విరుగుతాయి.

2. సెల్ వోల్టేజీ చూడండి. 3 ఉంటే ఇంకా ప్రాణం ఉంది, 2.5 కంటే తగ్గితే ఈ రోజే మార్చండి. బోర్డు మీద ప్లస్ గుర్తు ఎక్కడుందో ఫొటో తీసుకోండి.

3. బోర్డు తిప్పండి. ఐరన్‌ను 350 డిగ్రీలకు పెట్టి, సెల్ రెండు కాళ్ల మీదా ఫ్లక్స్ రాసి, పాత సీసానికి కొంచెం కొత్త సీసం కలపండి. పాతది ఒక్కటే అయితే త్వరగా కరగదు. ఒక కాలు దగ్గర మూడు నాలుగు సెకన్లు వేడి చేస్తూ రెండో చేత్తో ఆ వైపు ట్యాబ్‌ను మెల్లగా ఎత్తండి. తర్వాత రెండోది.

ఎక్కువమంది బోర్డు పాడుచేసుకునేది ఇక్కడే. మైనస్ కాలు బోర్డు అంతా పరుచుకున్న గ్రౌండ్ రాగికి కలిసి ఉంటుంది, పెట్టిన వేడినంతా అది లాగేసుకుంటుంది. ప్లస్ కాలు సులువుగా వస్తుంది, మైనస్ రాదు. అప్పుడు బలం పెట్టి లాగితే రాగి వలయం బోర్డు నుంచి ఊడి కాలితో పాటే వచ్చేస్తుంది. రాకపోతే లాగకండి. మొన వెడల్పుగా ఉన్నది వేయండి, 370 దాకా పెంచండి, ఇంకొంచెం సీసం కలిపి మళ్లీ ప్రయత్నించండి. సీసం అద్దంలా మెరిసి కదిలితే కాలు దానంతటదే జారుతుంది.

4. అల్లికను రంధ్రం మీద పెట్టి దాని మీద ఐరన్ ఆనించండి. మిగిలిన సీసాన్ని పీల్చేస్తుంది. రంధ్రం గుండా వెలుగు కనిపించాలి.

5. కొత్త సెల్ పెట్టండి. అక్షరాలున్న వెడల్పు ముఖం ప్లస్. ఆ ట్యాబ్ బోర్డు మీది ప్లస్ రంధ్రంలోకే వెళ్లాలి. సెల్ బోర్డుకు ఆనుకుని పడుకోవాలి, ఎత్తుగా ఉంటే మూత పడదు. సెల్ హోల్డర్ పెడితే వచ్చే ఇబ్బంది కూడా ఇదే.

6. సోల్డర్ చేసి, మిగిలిన కాలు కత్తిరించండి. మల్టీమీటర్ 3 వోల్టులు, లేదా కొంచెం ఎక్కువ చూపాలి. పది నిమిషాలాగి మళ్లీ చూడండి. బాగా పడిపోతే ఎక్కడో సీసం పక్క దారికి తగిలింది. ఫ్లక్స్ మరకను ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాక మూయండి. స్క్రూను చేత్తో తగిలేదాకా తిప్పితే చాలు, ఇంకా బిగిస్తే ప్లాస్టిక్ మర అరిగిపోతుంది.

మొదటిసారి ఆన్ చేశాక

నింటెండో యంత్రాల్లో A బటన్ అంటే సరే, B బటన్ అంటే వద్దు. జపాన్ ప్లేస్టేషన్ ఆటల్లో చాలావరకు సున్నా గుర్తు సరే, ఇంటూ గుర్తు వద్దు, అంటే అమెరికా పద్ధతికి తలకిందులు. పీఎస్5 వచ్చాకే జపాన్‌లోనూ ఇంటూ గుర్తు సరే అయింది.

తర్వాత వచ్చేది సాధారణంగా పేరు రాసే తెర. తెలుగువారికి ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. అక్షరాల పట్టిక అ ఇ ఉ ఎ ఒ తో మొదలై క, స, త, న, హ, మ, య, ర, వ వరుసలో నడుస్తుంది. బౌద్ధ భిక్షువులు సంస్కృతం కోసం నేర్చుకున్న సిద్ధం లిపి ప్రభావంతో వచ్చిన వరుస ఇది, మన వర్ణమాల క్రమమే. మన చ ఉండే చోట స, ప ఉండే చోట హ వస్తాయని గుర్తుంచుకుంటే మీకు కావలసిన అక్షరం ఏ వరుసలో ఉందో వెంటనే తెలుస్తుంది. గ, జ, ద, బ విడిగా ఉంటాయి, క, స, త, హ అక్షరాల పైన రెండు చిన్న గీతలతో. జపనీస్‌కు ఇలాంటి అక్షరమాలలు రెండున్నాయి: ముందు హిరగానా, తర్వాత కతకానా నేర్చుకోండి. వస్తువులు, ఆయుధాల పేర్లు కొన్ని ఆటల్లో కతకానాలో ఉంటాయి.

పేరు తెరలో "ఓవారి" అంటే అయిపోయింది, "మొదోరు" అంటే వెనక్కి. మెనూలో "హనసు" మాట్లాడు, "షిరబెరు" వెతుకు, "దోగు" వస్తువులు, "సోబి" ఆయుధాలు ధరించడం, "జుమోన్" లేదా "మహో" మంత్రాలు, "త్సుయోసా" బలం. అడిగితే "హాయ్" అవును, "ఈయె" కాదు. డ్రాగన్ క్వెస్ట్ ఆటల్లో సేవ్ పేరు "బోకెన్ నో షో". దాని పక్కన "కెసు" అని కనిపిస్తే చెరిపేయడం. ఈ ఒక్క మాట అక్షరాల రూపాన్ని కాగితం మీద రాసి టీవీ దగ్గర అంటించుకోండి.

సేవ్ పరీక్ష

పేరు పెట్టి, మొదటి అవకాశంలో సేవ్ చేసి, కన్సోల్ ఆపి, కార్ట్రిడ్జ్ బయటికి తీసి రాత్రంతా ఉంచండి. మర్నాడు సేవ్ ఉంటే పని అయింది. రెండు నిమిషాలు ఆపి చూడటం పరీక్ష కాదు, బోర్డు మీది కెపాసిటర్‌లో మిగిలిన విద్యుత్తుతో కూడా సేవ్ కాసేపు నిలవవచ్చు.

మర్నాటికి పోతే ముందు సెల్ ప్లస్, మైనస్ తారుమారయ్యాయేమో చూడండి. అవి సరిగా ఉంటే ఎస్‌ర్యామ్ చిప్ దగ్గర వోల్టేజీ కొలవండి. 28 కాళ్ల చిప్ అయితే 28వ కాలికి, గ్రౌండ్‌కు మధ్య చూడాలి. సెల్ కంటే కొంచెం తక్కువ రావడం మామూలే, మధ్యలో డయోడ్ ఉంటుంది. అక్కడ సున్నా వస్తే సెల్ నుంచి చిప్‌కు వెళ్లే దారి తెగింది, చాలాసార్లు ఊడిన రాగి వలయం దగ్గరే. ఆ దారి తర్వాతి భాగం దాకా సన్న వైరు వేసి కలిపితే సరిపోతుంది.

సేవ్ ఎప్పుడో ఒకసారి మాత్రమే పోతుంటే కార్ట్రిడ్జ్‌ను ఎలా తీస్తున్నారో గమనించండి. కన్సోల్ ఆన్‌లో ఉండగా కార్ట్రిడ్జ్ లాగితే చిప్‌లోకి చెత్త రాసుకుపోయి సేవ్ చెడుతుంది. పాత ఫామికామ్‌లో డ్రాగన్ క్వెస్ట్ 3 (1988) లాంటి బ్యాటరీ ఆటలకు ఇంకో నియమం ఉంది: రీసెట్ బటన్ నొక్కిపట్టి ఉంచే పవర్ ఆపాలి. సూపర్ ఫామికామ్‌కు ఆ అవసరం లేదు, సేవ్ ముగిశాక మామూలుగా ఆపితే చాలు.